దోమల లెక్క తెలుసుకుందాం – జ్వరాల గొలుసు తెంచుదాం

(ఆసుపత్రిలో చేరిన రోగుల కుటుంబ సభ్యుల కోసం ఏర్పాటైన ఆరోగ్య అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మీ బిడ్డో, తల్లో, భర్తో జ్వరంతో ఇక్కడ మంచం మీద ఉన్నారు. మీరు ఏ మతం వారైనా, ఏ ఊరి వారైనా, ఇప్పుడు మీ మనసులో ఉన్న ప్రార్థన ఒక్కటే: మా మనిషి క్షేమంగా ఇంటికి రావాలి. మా ప్రార్థన కూడా అదే. వారికి చేయవలసిన వైద్యం డాక్టర్లు, సిస్టర్లు చేస్తున్నారు. నేను మాట్లాడబోయేది ఆ తర్వాతి సంగతి. మీరు ఇంటికి వెళ్లిన పదిహేను రోజులకు అదే ఇంట్లో ఇంకొకరు, అదే వీధిలో మరో ఇద్దరు మంచం పట్టకుండా ఏమి చేయాలి? మలేరియా, డెంగ్యూ, చికున్‌గున్యా జ్వరాలలో ఈ ప్రశ్న చాలా ముఖ్యమైనది. ఎందుకంటే ఈ జ్వరాలు ఒకరి నుండి ఇంకొకరికి దోమ ద్వారానే చేరతాయి.

దోమల మాట ఎత్తగానే మా వద్దకు వచ్చే కుటుంబాల వారు రెండు మాటలు అంటూ ఉంటారు.

మొదటిది: “కోట్ల దోమలు ఉన్నాయి. అన్నిటినీ ఎవరు చంపగలరు డాక్టరుగారూ?”

రెండవది: “మా ఇంట్లో మేము శుభ్రం చేసుకున్నా పక్కింటి నుండి వస్తాయి కదా. ఇంక లాభం ఏముంది?”

ఈ రెండు మాటలూ కొత్తవి కావు. వంద సంవత్సరాల క్రితమే పెద్ద పెద్ద అధికారులు, వైద్యులు ఇదే అన్నారు. వారికి లెక్కలు వేసి జవాబు చెప్పిన డాక్టరు ఒకరున్నారు. ఆయన పని చేసింది మన సికింద్రాబాదులోనే. ఈ రోజు ఆ లెక్కలను మనకు అర్థమయ్యేలా చూద్దాం. కూడికలు, భాగహారాలు తెలిస్తే చాలు.

గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోవాలని యేసు ప్రభువు ఒక ఉపమానంలో బోధించారు. దోమల మీద పోరాటం కూడా అటువంటిదే. లెక్క చూసుకోకుండా మొదలుపెడితే మధ్యలో నిరాశపడి వదిలేస్తాము.

సికింద్రాబాదు డాక్టరు

ఆయన పేరు రొనాల్డ్ రాస్. 1857లో అల్మోరాలో పుట్టారు. సైనిక వైద్యుడిగా సికింద్రాబాదులో ఉన్నప్పుడు, 1897 ఆగస్టు 20న, బేగంపేటలో ఒక దోమను కోసి సూక్ష్మదర్శినిలో చూశారు. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని కుట్టిన దోమ అది. తనను కుట్టించుకున్నందుకు ఆ రోగికి దోమకు ఒక అణా చొప్పున ఇచ్చారు. ఆ దోమ కడుపు గోడలో మలేరియా క్రిమి పెరుగుతున్న గుర్తులు రాస్ గారికి కనిపించాయి. మలేరియా చెడుగాలి వలన వస్తుందన్న పాత నమ్మకం ఆ దెబ్బతో పోయింది. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. ఆగస్టు 20వ తేదీని ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుతున్నారు. ఇది చాలామందికి తెలిసిన కథ.

చాలామందికి తెలియని భాగం ఆ తర్వాతది. రాస్ గారికి గణితం అంటే ఎంతో ఇష్టం. మలేరియా ఎప్పుడు పెరుగుతుంది, ఎప్పుడు తగ్గుతుంది, ఎన్ని దోమలు ఉంటే ప్రమాదం అన్నదాన్ని ఆయన లెక్కలలో పెట్టారు. మారిషస్ ద్వీపంలో మలేరియాను పరిశీలించి 1908లో ఇచ్చిన నివేదికలోను, 1911 నాటి పుస్తకంలోను ఈ లెక్కలు ఉన్నాయి. నేడు ప్రపంచమంతటా అంటువ్యాధులకు వేసే లెక్కలకు ఇది ఒక పునాది.

మొదటి ప్రశ్న: అన్ని దోమలనూ చంపాలా?

రాస్ గారి లెక్క సారాంశం ఇది. వెయ్యి మంది ఉన్న ఊరు అనుకోండి. అందులో ఒక్కరికి మలేరియా ఉంది. ఊళ్లో మనిషికి 48 చొప్పున దోమలు ఉన్నాయి. ఇక్కడ దోమ అంటే మలేరియాను మోసే అనాఫిలిస్ జాతి ఆడదోమ. మగదోమలు మనిషిని కుట్టవు.

రోగి వాటాకు వచ్చిన 48 దోమలలో నాలుగో వంతు మాత్రమే అతన్ని కుట్టగలవు అనుకుందాం. 48లో నాలుగో వంతు 12.

కుట్టిన దోమ వెంటనే జబ్బును అంటించలేదు. క్రిమి దాని ఒంట్లో ఎదిగి నోటి వరకు రావడానికి సుమారు పది రోజులు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. దోమ ఆయుష్షు చిన్నది. ఆ లోపల చాలా దోమలు చనిపోతాయి. మూడో వంతు మిగిలాయి అనుకుందాం. 12లో మూడో వంతు 4.

మిగిలిన ఆ నాలుగు దోమలలో మళ్లీ నాలుగో వంతే ఇంకొక మనిషిని కుట్టగలుగుతాయి. అంటే ఒక్క దోమ.

48 దోమలు, 12 దోమలు, 4 దోమలు, చివరకు 1 దోమ. ఒక రోగి నుండి ఒక కొత్త రోగి. అతను కోలుకునే లోపల అతని బదులు ఇంకొకరు. జబ్బు పెరగదు, తగ్గదు. ఊళ్లో అలాగే ఉండిపోతుంది. నాలుగో వంతు, మూడో వంతు అన్నవి ఉదాహరణకు తీసుకున్న అంకెలే. ఊరిని బట్టి, కాలాన్ని బట్టి అవి మారతాయి. మనకు కావలసింది లెక్క నడిచే తీరు.

ఇప్పుడు మనిషికి 48 దోమల చోట 96 అయ్యాయి అనుకోండి. ఒక రోగి నుండి ఇద్దరు, ఇద్దరి నుండి నలుగురు. ఊళ్లో వంద మంది రోగులు ఉంటే తర్వాత 200, ఆ తర్వాత 400, 800. వానాకాలం నడిమధ్యలో మన వార్డులు ఒక్కసారిగా నిండిపోవడానికి కారణం ఇదే.

అదే 48 దోమలు 24కి తగ్గాయి అనుకోండి. వంద మంది రోగుల నుండి 50 మంది, వారి నుండి 25, తర్వాత 12, 6, 3. ఊళ్లో దోమలు ఇంకా ఉన్నాయి. మనిషికి 24 చొప్పున ఉన్నాయి. అవి కుడుతూనే ఉన్నాయి. అయినా మలేరియా తనంతట తానే ఆరిపోతున్నది.

ఇదే మొదటి ప్రశ్నకు జవాబు. దోమలకు ఒక గీత ఉంటుంది. ఆ గీతకు పైన జబ్బు పెరుగుతుంది, కింద తరుగుతుంది. అన్ని దోమలనూ చంపనక్కరలేదు. గీత కిందికి దించితే చాలు. దించి, అక్కడే ఉంచాలి. పొయ్యిలోని కట్టెలలో కొన్ని లాగేస్తే మంట తగ్గి ఆరిపోయినట్టే ఇది కూడా.

డెంగ్యూ లెక్క కూడా ఇటువంటిదే. దాన్ని మోసేది ఏడిస్ దోమ. కాళ్ల మీద, ఒంటి మీద తెల్లని చారలు ఉంటాయి. పగటి పూట కుడుతుంది. రోగిని కుట్టిన తర్వాత దానికీ సుమారు 8 నుండి 12 రోజులు గడిస్తేనే ఇతరులకు జబ్బు అంటించగలదు.

గొలుసును ఎక్కడ తెంచాలి?

ఈ లెక్కలో మన చేతికి అందేవి మూడు ఉన్నాయి: దోమల సంఖ్య, దోమకాటు, దోమ ఆయుష్షు. ఒక్కొక్కటి చూద్దాం.

1. దోమల సంఖ్య. ఒక ఆడదోమ ఒక కాన్పుకు సుమారు వంద గుడ్లు పెడుతుంది. వాటిలో సగం ఆడవి, అంటే 50. ఆ 50లో ఒక్కటి మాత్రమే బ్రతికి మళ్లీ గుడ్లు పెట్టే దాకా వస్తే దోమల సంఖ్య పెరగదు. ఒకటికి బదులు రెండు బ్రతికితే ప్రతి తరానికీ సంఖ్య రెట్టింపు అవుతుంది. జూన్ వానలకు వంద దోమలు ఉన్నాయనుకోండి. తరానికి మూడు వారాల చొప్పున వేసుకుంటే 200, 400, 800, 1600, సెప్టెంబరు చివరికి 3200. నిజానికి ఎండ, తిండి కొరత, బల్లులు, తూనీగలు వీటిలో కొన్నిటిని తగ్గిస్తాయి. అయినా దసరా రోజులలో డెంగ్యూ కేసులు ఎందుకు ఎక్కువవుతాయో ఈ లెక్క చెబుతుంది. జూన్‌లో ఒక డ్రమ్ము ఒంపడం, సెప్టెంబరులో ముప్పై డ్రమ్ములు ఒంపడంతో సమానం. అందువలన జ్వరాలు వచ్చాక కాక, వానలు మొదలైనప్పుడే పని మొదలుపెట్టాలి.

గుడ్డు నుండి ఎగిరే దోమ కావడానికి వేడి రోజులలో సుమారు 7 నుండి 10 రోజులు పడుతుంది. అంతవరకు అది నీళ్లలోనే ఉంటుంది. తలకిందులుగా వేలాడుతూ, తాకితే మెలికలు తిరిగే పురుగులను మీరు తొట్లలో చూసే ఉంటారు. అవే దోమ పిల్లలు. వారానికి ఒక్కసారి ఆ నీళ్లు నేల మీద ఒంపేస్తే, ఆ వారం పెట్టిన గుడ్లలో ఒక్కటి కూడా ఎగిరే దోమ కాలేదు. అందుకే “వారానికి ఒక డ్రై డే” అంటారు. చాలా ఊళ్లలో శుక్రవారం పాటిస్తారు. హైదరాబాదులో 2020లో ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అని కార్యక్రమం పెట్టారు. వారం ఏదైనా ఫరవాలేదు. రెండు వారాలకు ఒకసారి చేస్తే మాత్రం లాభం లేదు. ఆ లోపల దోమ ఎగిరిపోతుంది.

ఒక జాగ్రత్త. ఏడిస్ దోమ తన గుడ్లను నీటి అంచున, పాత్ర గోడకు అంటించి పెడుతుంది. అవి నీళ్లు లేకపోయినా నెలల తరబడి చావవు. మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కనుక తొట్టిని ఒంపి ఊరుకోకుండా, కొబ్బరి పీచుతోనో బ్రష్షుతోనో లోపలి గోడలు గట్టిగా రుద్ది కడగాలి.

2. దోమకాటు. ఇక్కడ లెక్కలో ఒక విశేషం ఉంది. జబ్బు పాకాలంటే దోమ రెండుసార్లు కుట్టాలి: ఒకసారి రోగిని, ఒకసారి ఆరోగ్యవంతుణ్ణి. కనుక కాటును సగం తగ్గిస్తే జబ్బు సగం కాదు, పావు వంతుకు తగ్గుతుంది. మళ్లీ 48తో చూడండి. దోమతెరలు, కిటికీ జాలీలు వాడడం వలన నాలుగో వంతు బదులు ఎనిమిదో వంతు దోమలే కుట్టగలిగాయి. 48లో ఎనిమిదో వంతు 6. వాటిలో మూడో వంతు బ్రతికితే 2. ఆ రెండింటిలో మళ్లీ ఎనిమిదో వంతు అంటే పావు. నలుగురు రోగుల నుండి కలిపి ఒక్క కొత్త రోగి మాత్రమే. ఊళ్లో ఒక్క దోమను కూడా చంపకుండానే ఇంత మార్పు వచ్చింది.

ఈ రెండు కాట్లలో మొదటిది రోగి మంచం దగ్గరే జరుగుతుంది. ఆరోగ్యవంతులు ఊళ్లో వెయ్యి మంది ఉండవచ్చు, అందరినీ కాపలా కాయలేము. కానీ రోగి ఎవరో, ఏ మంచం మీద ఉన్నారో మీకు తెలుసు. డెంగ్యూ రోగి రక్తంలో వైరస్ ముఖ్యంగా జ్వరం వచ్చిన మొదటి వారంలో ఉంటుంది. ఆ రోజులలో అతన్ని పగలు కూడా దోమతెరలో ఉంచండి. “పగలు దోమతెర ఏమిటి, ఉక్కపోస్తుంది” అని తీసేయకండి. డెంగ్యూ దోమ కుట్టేది పగలే. సిస్టరు వచ్చి దోమతెర సరిచేస్తుంటే అది రోగి కోసం మాత్రమే కాదు, పక్కన కూర్చున్న మీ కోసం, పక్క మంచం వారి కోసం కూడా.

మలేరియా రోగి విషయంలో ఇంకొక మాట. చికిత్స అందని రోగి ఎక్కువ రోజులు దోమలకు క్రిమిని అందిస్తూ ఉంటాడు. జ్వరం మూడు రోజులలో తగ్గగానే మాత్రలు మానేసేవారు ఉన్నారు. వైవాక్స్ రకం మలేరియాలో క్రిమి కాలేయంలో దాగి ఉండి, నెలల తర్వాత తిరిగి రావచ్చు. దానికి సాధారణంగా 14 రోజుల మాత్రలు రాస్తారు. ఆ మాత్రలు గర్భిణులకు, పసిపిల్లలకు ఇవ్వరు. కొందరికి రక్తపరీక్ష చేసి ఇస్తారు. కనుక ఒకరికి రాసిన మాత్రలు మరొకరు వాడకండి. డాక్టరు రాసినన్ని రోజులూ పూర్తిగా వేయించండి.

3. దోమ ఆయుష్షు. దీన్ని 1950లలో జార్జ్ మెక్‌డొనాల్డ్ అనే ఇంగ్లండు వైద్యుడు లెక్కవేసి చూపించారు. వంద దోమలు ఈ రోజు రోగిని కుట్టాయనుకోండి. రోజూ నూటికి 10 చొప్పున చనిపోతుంటే, పది రోజుల తర్వాత సుమారు 35 దోమలు మిగులుతాయి. అవి జబ్బును మోసేవి. రోజూ నూటికి 20 చొప్పున చనిపోతే మిగిలేవి సుమారు 11. నూటికి 30 చొప్పున అయితే 3. రోజువారీ చావు కాస్త పెరిగితే చాలు, ప్రమాదకరమైన ముసలి దోమలు దాదాపు ఉండవు. దోమలలో పడుచుది చికాకు పెడుతుంది, ముసలిది జబ్బు పెడుతుంది.

ఇంటి గోడల మీద మందు పిచికారీ చేయడం వెనుక ఉన్న లెక్క ఇదే. మలేరియా దోమలలో చాలా రకాలు రక్తం తాగిన తర్వాత బరువుతో ఎగరలేక గోడ మీద వాలతాయి. ఆ గోడకు మందు ఉంటే అక్కడే చస్తాయి. ఏజెన్సీ గ్రామాలలో పిచికారీ బృందం వచ్చినప్పుడు సామాను బయట పెట్టి, లోపలి గదులలో కూడా కొట్టనివ్వండి. ఆ సీజను అయ్యేదాకా ఆ గోడలను అలకవద్దు, సున్నం వేయవద్దు. మందు పూసిన దోమతెరలు కూడా ఈ పనే చేస్తాయి. వాటిని మాటిమాటికీ ఉతకకూడదు.

రెండవ ప్రశ్న: పక్కింటి నుండి వస్తే?

ఈ ప్రశ్నకు జవాబుగా రాస్ గారు 1904లో అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో జరిగిన ఒక మహాసభలో ప్రసంగించారు. దోమ ఎలా తిరుగుతుంది? బస్సులాగా ఒక ఊరికని బయలుదేరి సూటిగా పోదు. కొంచెం ఇటు, కొంచెం అటు, మళ్లీ వెనక్కి. బాగా తాగినవాడు సందులో నడిచినట్టు ఉంటుంది దాని దారి. ఇటువంటి నడకకు లెక్క ఏమిటని రాస్ గారు కార్ల్ పియర్సన్ అనే గణిత పండితుణ్ణి కూడా అడిగారు. పియర్సన్ గారు 1905లో ఆ ప్రశ్నను ఒక ప్రసిద్ధ శాస్త్ర పత్రికలో పండితుల ముందు పెట్టారు. ఇప్పుడు ఆ లెక్కను విజ్ఞాన శాస్త్రంలో ఎన్నోచోట్ల వాడుతున్నారు.

దాని ఫలితం సులువుగా చెబుతాను. అలా గజిబిజిగా నడిచేవాడు వంద అడుగులు వేసినా, బయలుదేరిన చోటుకు సుమారు పది అడుగుల దూరంలోనే ఉంటాడు. ఇరవై అడుగుల దూరం చేరాలంటే 400 అడుగులు వేయాలి. అందుచేత ఎక్కువ దోమలు పుట్టిన చోటుకు దగ్గరలోనే బ్రతికి, అక్కడే చస్తాయి. ఏడిస్ దోమ 400 మీటర్ల దాకా పోగలదు కానీ, ఎక్కువ భాగం పుట్టిన ఇంటి చుట్టుపక్కలే తిరుగుతాయి. అంటే మిమ్మల్ని కుట్టిన డెంగ్యూ దోమ చాలావరకు మీ తొట్టిలోనో, నాలుగిళ్ల అవతలి తొట్టిలోనో పుట్టిందే.

ఇప్పుడు ఒక వీధిని ఊహించుకోండి. రోడ్డుకు ఒక వైపు ఇళ్లవారందరూ నీటి నిల్వలు తీసేశారు. రెండవ వైపు ఎవరూ ఏమీ చేయలేదు. రోడ్డు మధ్యలో నిలుచున్న మనిషికి ఇదివరకు రెండు వైపుల నుండి సమానంగా దోమలు వచ్చేవి. ఇప్పుడు ఒక్క వైపు నుండే వస్తాయి. కనుక హద్దు గీత మీద కూడా దోమలు సగం అవుతాయి. శుభ్రం చేసిన వైపు లోపలికి పోయేకొద్దీ ఇంకా తగ్గుతాయి. బయటి దోమలు లోపలికి వస్తాయి, నిజమే. కానీ ఖాళీ అంతటినీ నింపలేవు. వచ్చేవి హద్దు దగ్గరే ఎక్కువగా ఆగిపోతాయి.

ఈ లెక్కలో మనకు రెండు పాఠాలు ఉన్నాయి. ఒక్క ఇల్లే శుభ్రం చేస్తే కొంత మేలు తప్పకుండా ఉంది. కానీ ఆ ఇల్లు మొత్తం హద్దులోనే ఉన్నట్టు లెక్క, నాలుగు వైపుల నుండి దోమలు వస్తూనే ఉంటాయి. వీధి మొత్తం చేస్తే మధ్యలోని ఇళ్లకు చాలా మేలు. కాలనీ మొత్తం చేస్తే ఇంకా ఎక్కువ మేలు. ఖర్చు పెరగదు, అదే పది నిమిషాలు. కానీ ఫలం పెరుగుతుంది.

శుభ్రం చేసిన చోటు చిన్నదైతే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. 1900 తర్వాతి తొలి సంవత్సరాలలో లాహోరు దగ్గర మియాన్ మీర్ కంటోన్మెంటులో దోమల నిర్మూలన ప్రయత్నం చేశారు. చుట్టూ కాలువలు, సాగునీరు. అనుకున్న ఫలితం రాలేదు. దాంతో చాలామంది అధికారులు ఈ పనే దండగ అన్నారు. అంత చిన్న చోటులో చేసి తీర్పు చెప్పకూడదన్నది రాస్ గారి వాదన. దోమల నడకకు ఆయన లెక్క వేసింది అటువంటి వాదాల మధ్యనే.

మంచి సమరయుని కథ మీలో చాలామంది విన్నారు. నా పొరుగువాడు ఎవడు అన్న ప్రశ్న నుండి ఆ కథ పుట్టింది. దోమల లెక్కలో మాత్రం మీ పొరుగువాడు ఎవరో స్పష్టంగా తెలుస్తుంది. మీ ఇంటి నుండి దోమ ఎగరగలిగినంత దూరంలో ఉన్నవారందరూ మీ పొరుగువారే. వారి తొట్టి మీ బిడ్డ ఆరోగ్యం, మీ తొట్టి వారి బిడ్డ ఆరోగ్యం. కనుక పక్కింటివారితో తగవు పెట్టుకోవద్దు. “మా అబ్బాయి ఆసుపత్రిలో ఉండి వచ్చాడు వదినా, ఆదివారం మనిద్దరం కలిసి తొట్లు కడుగుదామా” అని అడగండి. అటువంటి మాట కాదనేవారు తక్కువ.

మధ్యలో ఆపితే ఏమవుతుంది?

దీనికి మన దేశమే పెద్ద ఉదాహరణ. స్వాతంత్ర్యం వచ్చిన రోజులలో భారతదేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఊరూరా ఇంటి గోడలకు డి.డి.టి. కొట్టారు. 1958లో దాన్ని నిర్మూలన కార్యక్రమంగా మార్చారు. 1965 నాటికి కేసులు సుమారు ఒక లక్షకు దిగాయి. ప్రపంచమంతా మెచ్చుకుంది.

ఆ తర్వాత ఏమైంది? జబ్బు పోయిందనుకున్నారు. పర్యవేక్షణ సడలింది. మందు సరఫరా తగ్గింది. దోమలు డి.డి.టి.కి అలవాటుపడ్డాయి. పట్టణాలలో ట్యాంకులు, బావులలో పుట్టే దోమలను పట్టించుకోలేదు. దోమల సంఖ్య మళ్లీ గీత దాటింది. 1976లో 64 లక్షలకు పైగా కేసులు వచ్చాయి. లక్ష నుండి 64 లక్షలు, పదకొండు సంవత్సరాలలో. రెట్టింపు లెక్క ఎంత వేగంగా నడుస్తుందో చూడండి. తర్వాత ఎంతో శ్రమపడి మళ్లీ తగ్గించారు. 2023లో దేశంలో నమోదైన కేసులు 2 లక్షల పైచిలుకు. మన పొరుగున ఉన్న శ్రీలంక పట్టు వదలకుండా పని చేసి, 2016లో మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు పొందింది.

ఇంటి విషయంలోనూ అంతే. ఆసుపత్రి నుండి వెళ్లిన మొదటి రెండు వారాలు అందరూ శ్రద్ధగా చేస్తారు. మూడో వారం మరచిపోతారు. దోమకు కావలసింది ఆ మరచిపోయిన వారమే.

మీరు తరచుగా అడిగే రెండు సందేహాలు

పొగ కొడితే సరిపోదా? పొగ మందు ఆ సమయంలో ఎగురుతున్న దోమలకే తగులుతుంది. నీళ్లలోని పిల్లలకు, గుడ్లకు ఏమీ కాదు. రెండు మూడు రోజులలో కొత్త దోమలు పుడతాయి. జబ్బు ప్రబలినప్పుడు పొగ కొట్టడం అవసరమే. తొట్లు ఒంపకుండా పొగ మీద ఆధారపడితే చిల్లు కుండలో నీళ్లు పోసినట్టు అవుతుంది.

శాస్త్రజ్ఞులు కొత్త ఉపాయం ఏదీ కనిపెట్టలేదా? కనిపెట్టారు. వోల్‌బాకియా అనే సూక్ష్మజీవిని ఏడిస్ దోమలలోకి ఎక్కించి వదిలితే, ఆ దోమలలో డెంగ్యూ వైరస్ సరిగా పెరగదు. ఇండొనేషియాలోని యోగ్యకర్త నగరంలో ఇలా చేసిన ప్రాంతాలలో డెంగ్యూ 77 శాతం తగ్గిందని 2021లో ప్రకటించారు. మన పుదుచ్చేరిలోని పరిశోధన కేంద్రంలో కూడా ఇటువంటి దోమలను తయారుచేశారు. మంచి వార్తే. అవి మీ వీధికి వచ్చేదాకా బ్రష్షు, దోమతెర మీ చేతిలోనే ఉన్నాయి.

ఇంటికి వెళ్లాక చేయవలసినవి

1. వారంలో ఒక రోజు నిర్ణయించుకోండి. క్యాలెండరు మీద గుర్తు పెట్టి, పని అయ్యాక టిక్కు పెట్టండి. ఈ బాధ్యత బడికి పోయే పిల్లలకు అప్పగిస్తే వారు మరచిపోరు.

2. సిమెంటు తొట్టి, డ్రమ్ము, కుండలు, కూలరు, ఫ్రిజ్ వెనక ట్రే, పూలకుండీల కింది పళ్లేలు, పశువుల కుడితి తొట్టి, వాడని రోలు అన్నీ చూడండి. ఒంపి, రుద్ది, కడిగి, ఆరబెట్టండి.

3. ఒంపలేని సంపులు, ఓవర్‌హెడ్ ట్యాంకులకు మూత సందు లేకుండా పెట్టండి. మూత లేకపోతే గుడ్డ గట్టిగా కట్టండి. బావులలో గంబూసియా చేపలు వేయించమని ఆరోగ్య సిబ్బందిని అడగండి.

4. కొబ్బరి చిప్పలు, పాత టైర్లు, పగిలిన బకెట్లు, ప్లాస్టిక్ గ్లాసులు మేడ మీద, పెరట్లో ఉంచకండి.

5. జ్వరం ఉన్న మనిషిని పగలు, రాత్రి దోమతెరలో ఉంచండి. పసిపిల్లలు, గర్భిణులు కూడా దోమతెరలోనే పడుకోవాలి.

6. ఇంట్లో ఇంకెవరికైనా జ్వరం వస్తే రెండవ రోజే రక్తపరీక్ష చేయించండి. డెంగ్యూ అనుమానం ఉంటే పారాసిటమాల్ తప్ప వేరే నొప్పి మాత్రలు సొంతంగా వేయకండి. జ్వరం తగ్గే సమయంలో కడుపునొప్పి, ఆగని వాంతులు, రక్తస్రావం, మగత కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకురండి.

7. మీ ఆశా కార్యకర్తకు, ఏ.ఎన్.ఎం. గారికి మీ ఇంటి జ్వరం సంగతి చెప్పండి. దాచడం వలన వీధికి నష్టం.

8. మీకు ఎడమ వైపు రెండిళ్లు, కుడి వైపు రెండిళ్లు, ఎదురుగా రెండిళ్లు. ఆ ఆరు ఇళ్లవారికి ఈ రోజు విన్న 48 లెక్క చెప్పండి. వారు ఒక్కొక్కరు మరి ఆరుగురికి చెబితే వీధి మొత్తానికి చేరుతుంది. రెట్టింపయ్యే గుణం దోమలకు మాత్రమే కాదు, మంచి మాటకు కూడా ఉంది.

ప్రియులారా, రోగిని బాగుచేసే శక్తి దేవునిది, మందులిచ్చే పని మాది. గీత కిందికి దోమలను దించే పని మాత్రం మీది. అది ఏ ఆసుపత్రీ మీ బదులు చేయలేదు. వారానికి పది నిమిషాలు, ఆరు ఇళ్లతో స్నేహం, రోగి మంచానికి ఒక దోమతెర. ఇంతకంటే పెద్ద ఖర్చు ఇందులో లేదు.

మీ కుటుంబాలను, మీ వీధులను దేవుడు ఆరోగ్యముతోను సమాధానముతోను కాపాడును గాక. ఆమెన్.